పాత గొంతు, కొత్త గొంతు



ఈ నెల ఒక సహోదరి రాసిన ఉత్తరం మా బల్ల మీద చాలా రోజులు ఉండిపోయింది. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చాక, భోజనాల దగ్గర భర్తకూ కొడుకుకూ ఒకటే వాదనట. వాదన పెట్రా అనే అమెరికా క్రైస్తవ రాక్ బృందం గురించి. తండ్రిగారు కాలేజీ రోజుల్లో క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నది గ్రెగ్ వోల్జ్ పాడిన పాటలు. కొడుకు ఫోనులో వినేది ఆయన తరువాత వచ్చిన జాన్ ష్లిట్ పాడినవి. వోల్జ్ వెళ్లిన రోజే ఆ బృందం పని అయిపోయిందని ఒకరు, అసలైన పాటలు ఆ తరువాతే వచ్చాయని ఇంకొకరు.

ఇంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాళ్లం. కాని ఉత్తరం చివర ఆమె ఇంకో సంగతి రాశారు. వారి సంఘంలో చాలా ఏళ్లు క్వయర్‌ను నడిపించిన పెద్దాయన ఆరోగ్యం బాగాలేక మానుకున్నారు. ఇప్పుడు ఈ అబ్బాయే గిటారు పట్టుకుని పాటలు నడిపిస్తున్నాడు. ఒక ఆదివారం తండ్రిగారు అందరి ముందూ, "ఆయన పాడితే పాట, వీళ్లు పాడితే గోల" అన్నారట. ఆనాటి నుండి అబ్బాయి గుడికి వస్తున్నాడు గాని, గిటారు ఇంట్లోనే వదిలి వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. "ఎవరిది న్యాయమో మీరే చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, ముందు పెట్రా సంగతే చూద్దాం. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ పట్టణంలో బాబ్ హార్ట్‌మన్, ఆయన స్నేహితులు 1972లో ఆ బృందాన్ని మొదలుపెట్టారు. పెట్రా అంటే గ్రీకు భాషలో బండ. మత్తయి 16:18లో ప్రభువు సంఘాన్ని గురించి చెప్పినప్పుడు వాడిన మాట అదే. వారి మొదటి ఆల్బం 1974లో వచ్చింది. అందులో వోల్జ్ గొంతు లేదు! ఆయన కొన్నేళ్ల తరువాత వచ్చినవారే. మీ వారు "పాత గొంతు" అంటున్నది కూడా ఒకనాటి కొత్త గొంతే.

1986లో వోల్జ్ స్థానంలోకి ష్లిట్ వచ్చారు. ఈయన 1970లలో హెడ్ ఈస్ట్ అనే రాక్ బృందంలో పాడినవారు. మత్తుపదార్థాల వల్ల ఆ స్థానం పోగొట్టుకుని, తరువాత క్రీస్తును నమ్ముకుని, కొన్నేళ్లు సంగీతానికి దూరంగా ఉద్యోగం చేసుకున్నారు. వోల్జ్‌ది నునుపైన, పైకి హాయిగా వెళ్లే గొంతు. ష్లిట్‌ది కాస్త గరుకుగా, బలంగా పలికే గొంతు. విన్నవారికి తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

అయితే మారనిది కూడా ఒకటుంది. వోల్జ్ కాలంలోనూ, ష్లిట్ కాలంలోనూ చాలా పాటలు రాసింది ఆ హార్ట్‌మన్ గారే. మరోవైపు, గొంతుతోబాటు రికార్డింగు పద్ధతీ మారింది. 1986 నుండి జాన్, డీనో ఎలిఫాంటె అనే అన్నదమ్ములు ఆ పనిలోకి వచ్చారు. అప్పటినుండి పాటల మోత పెరిగితే అదంతా కొత్త గాయకుడి మీద వేయడం న్యాయమేనా? ఇంకో విశేషం చూడండి. ఈ జాన్ ఎలిఫాంటె కూడా అంతకుముందు కాన్సాస్ అనే పేరున్న బృందంలో స్టీవ్ వాల్ష్ వెళ్లిపోయాక ఆయన చోట నిలబడి పాడినవాడే. 1982 ఆల్బంలో ఆయన గొంతు వినబడుతుంది. ఒకరి తరువాత వచ్చినవాడి కష్టం ఆయనకు బాగా తెలిసే ఉంటుంది.

పోల్చేటప్పుడు మనం మామూలుగా చేసే పొరపాట్లు రెండు. మొదటిది, పాతవాటిలో మంచివి మాత్రమే మనకు గుర్తుంటాయి. సాధారణమైనవి ఎప్పుడో మరచిపోతాం. ఆ ఏరిన పది పాటలను కొత్త ఆల్బంలోని ప్రతి పాటతోనూ తూచుతాం. రెండవది, ఒకరి గొంతుకు కట్టిన పాటను ఇంకొకరిచేత పాడించి, "చూశావా, అలా లేదు" అంటాం. దావీదుకు సౌలు యుద్ధవస్త్రాలు సరిపోలేదు. అది దావీదు తప్పు కాదు.

మేమూ ఈ పని చేసినవాళ్లమే. మా సంఘానికి కొత్త కాపరి వచ్చినప్పుడు మొదటి ఆరు నెలలు ఆయన ప్రసంగాలు వినలేదు, పోల్చుతూ కూర్చున్నాం. నష్టపోయింది మేమే.

అలాగని పాతది ఇష్టపడడం పాపమేమీ కాదు. ఎజ్రా 3వ అధ్యాయం చదవండి. రెండవ మందిరానికి పునాది వేసినప్పుడు, మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు. మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది సంతోషమో జనులు గుర్తించలేకపోయారని అక్కడ రాయబడింది. ఆ వృద్ధులను ఎవరూ గద్దించలేదు. వారి కన్నీళ్లు నిజమైనవి. కాని ఆ కన్నీళ్లను చూసి కట్టేవారి చేతులు జారిపోకూడదు. అందుకే తరువాత హగ్గయి ప్రవక్త ద్వారా దేవుడు వారికి ధైర్యం చెప్పి పని చేయమన్నాడు. కొరింథులో కూడా పౌలు, అపొల్లో ఇద్దరూ మంచివారే. నేను ఈయన వాడను, నేను ఆయన వాడను అని జనం చీలిపోవడమే అక్కడి రోగం.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలనే చూడండి. పురుషోత్తమ చౌదరి గారు 1890లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన ఎలా పాడేవారో మనలో ఎవరమూ వినలేదు. అయినా ఆయన రాసిన కీర్తనలు పాడుకుంటూనే ఉన్నాం. ఒక్కో తరంలో ఎవరో ఒకరు కొత్తగా గొంతెత్తారు గనుకనే అవి మనదాకా వచ్చాయి.

సహోదరీ, మా సలహా ఇది. ఒక సాయంత్రం తండ్రీకొడుకులను కలిపి కూర్చోబెట్టండి. 1983 ఆల్బం ఒకటి, 1990 ఆల్బం ఒకటి మొదటినుండి చివరిదాకా విననివ్వండి. ఏరినవి కాదు, అన్నీ. వోల్జ్, హార్ట్‌మన్ 2010లో మళ్లీ కలిసి ఒక ఆల్బం కూడా చేశారని వారికి చెప్పండి. పాడినవాళ్లు కలిశారు, విన్నవాళ్లే ఇంకా పోట్లాడుకుంటున్నారు!

అబ్బాయికి మా మాటగా చెప్పండి: ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆయనకిష్టమైన కీర్తన ఒకటి దగ్గర కూర్చుని నేర్చుకోమనండి. మీ వారికి చెప్పేది ఒక్కటే. అందరి ముందు అన్న మాట గనుక, అందరి ముందే వెనక బెంచీదాకా నడిచి వెళ్లి అబ్బాయిని పిలుచుకు రావాలి. గిటారు ఇంటినుండి ఆయనే మోసుకొస్తే ఇంకా మంచిది.

ప్రభువు మీ ఇంటిని దీవించును గాక.