కట్ట మీద మనిషి లేడు

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన రోజుల్లో ప్రతి చిన్న ప్రాజెక్టుకూ ఒక లష్కర్ ఉండేవాడు. కట్ట పక్కనే క్వార్టర్, భుజాన పార, చేతిలో లాంతరు. వాన పట్టిందంటే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. రిటైరైన లష్కర్ల స్థానంలో కొత్తవాళ్లను వేయడం మానేశాక ఆ క్వార్టర్లు కూలిపోయాయి. నేను ఉద్యోగం దిగేనాటికి మా సెక్షన్‌లో అయిదారు కట్టలకు కలిపి ఒక్క మనిషే మిగిలాడు. వరద వచ్చిన రాత్రి అన్ని వాగులూ ఒకేసారి వస్తాయి. అతను ఏ కట్ట మీద ఉండాలి?

2024 జులై 18న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు తెగింది. దానికున్నవి మూడే గేట్లు. రెండు లేచాయి, ఒకటి మొరాయించింది. నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి, రాత్రికి గండి పడింది. గొడ్లు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అంతకుముందే వరదలో చిక్కుకున్న జనాన్ని హెలికాప్టర్లు తెచ్చి బయటపడేయాల్సి వచ్చింది. కట్టేమో తెలంగాణలో ఉంది, ఆయకట్టు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మరమ్మతు డబ్బు ఎవరివ్వాలన్న దగ్గరే ఇలాంటి ఉమ్మడి ప్రాజెక్టుల ఫైళ్లు ఆగిపోతాయి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛ ప్రాజెక్టుకు గండి పడి ఆ నీళ్లు కూడా దీని మీదికే వచ్చాయి. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేటల్లో ఇళ్లకు ఇళ్లే ఊడ్చుకుపోయాయి. ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది జులైలో కడెం ప్రాజెక్టు దగ్గర 18 గేట్లలో 17 ఎత్తారు, ఒకటి లేవలేదు. కట్ట నిలబడింది కాబట్టి దాన్ని అందరం మరిచిపోయాం.

ప్రతిచోటా ఒక్క గేటే. వరద అంచనాకు మించి వచ్చిందని ఇంజనీర్లు అంటారు, అది నిజమే. ఆ ఒక్క గేటు లేచి ఉంటే అన్నమయ్య కట్ట నిలిచేదని నేను అనను. కానీ లేచిన గేటు ఎంతో కొంత సమయమిస్తుంది. కింది ఊళ్లవాళ్లు ముసలివాళ్లను, పసిపిల్లలను తీసుకుని మిట్టకు చేరడానికి ఒక గంట చాలు.

గేటు ఎందుకు లేవదు? రోప్‌కు ఏళ్ల తరబడి గ్రీజు పెట్టరు. చేత్తో తడిమితే తుప్పు పొడిపొడిగా రాలుతుంది. అంచుల రబ్బరు సీళ్లు చిరిగిపోతాయి. జనరేటర్ గదికి తాళం ఉంటుంది, లోపల బ్యాటరీ చచ్చి ఉంటుంది, ట్యాంకులో డీజిల్ చుక్క ఉండదు. వరద రాత్రి మొదట పోయేది కరెంటే. అప్పుడు చేత్తో తిప్పి ఎత్తాలి, దానికి నలుగురు మనుషులు కావాలి. నేను చూసిన మరమ్మతు అంచనాల్లో రంగులకు డబ్బు వచ్చింది, గ్రీజుకు రాలేదు.

గేట్ల కంటే మోసం చేసేది ఊట. మట్టికట్ట అన్నాక వెనకవైపు ఎంతో కొంత చెమ్మ ఉంటుంది. మా లష్కర్ ఒకాయన గాజు గ్లాసు వెంట పెట్టుకుని తిరిగేవాడు. ఊట నీళ్లు పట్టి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. తేటగా ఉంటే రాసుకుని ముందుకు వెళ్లేవాడు. బురదగా ఉంటే పరుగున వచ్చి ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) లేపేవాడు. నీళ్లు బురదగా వస్తున్నాయంటే కట్ట లోపలి మట్టి తరలిపోతోందన్నమాట. పందికొక్కు బొరియో, ఎండిపోయిన తుమ్మచెట్టు వేరు కుళ్లిన దారో చిన్న బుంగగా మొదలై గంటల్లో మనిషి పట్టేంత అవుతుంది. అది చూసి ఊళ్లో కుర్రాళ్లు బంకమట్టి తెచ్చి బయటినుంచి మూసేస్తారు. అలా మూస్తే నీరు ఇంకోచోట తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, మధ్యలో ముందు ఇసుక, ఆ పైన కంకర పోయాలి. నీరు రావాలి, మట్టి రాకూడదు. ఇది కాగితం మీద నేర్పితే వచ్చే పని కాదు, ఏళ్ల తరబడి ఒకే కట్ట మీద నడిచినవాడికి తెలుస్తుంది.

ఇంకో మాట. అలుగు మీద చేపల కోసం జాలీలు కట్టడం, ఎక్కువ నీళ్లు నిలవాలని బస్తాలు పేర్చడం, కట్ట మొదట్లో మట్టి తవ్వి ఇటుక బట్టీలకు తోలడం మన ఊరివాళ్లు చేస్తున్నవే. లష్కర్ ఉన్న రోజుల్లో అడిగేవాడు ఉండేవాడు.

డ్యామ్ భద్రతా చట్టం 2021 డిసెంబరులో వచ్చింది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయాలంటుంది. నిర్వహణకు ప్రత్యేకంగా నిధులు పెట్టాలంటుంది. మంచి చట్టం. అయితే అది 15 మీటర్లకు మించిన కట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి పొడవో, నిల్వో ఫలానా మేర ఉండటం లాంటి షరతుల్లో ఏదో ఒకటి వర్తించాలి. పది మీటర్ల లోపు కట్టలన్నీ దాని బయటే మిగిలాయి. వాటి కింద కూడా ఊళ్లున్నాయి.

కొత్త ప్రాజెక్టులకు కోట్లు ప్రకటించే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను అడిగేది చిన్నదే. కట్టకొక లష్కర్‌ను వేయండి. కింది ఊళ్లోని మనిషినే వేయండి, ఆ వాగు పొంగితే మునిగేది అతని ఇల్లే కనుక కట్టను వదిలిపోడు. నెలనెలా జీతమివ్వండి. ఔట్‌సోర్సింగ్ పేరుతో ఏడాదికి ఒకసారి ఇస్తామంటే కుదరదు. గ్రీజు, డీజిల్, కంప కొట్టడం, ఇసుక బస్తాలు, వీటికి టెండరు అక్కర్లేకుండా ఏఈ చేతిలో కొంత డబ్బు ఉంచండి. మే నెలలో ఊరివాళ్లను పిలిచి, వాళ్ల ఎదుటే ప్రతి గేటునూ పూర్తిగా ఎత్తి దింపండి, ఒకసారి కరెంటుతో, ఒకసారి చేత్తో. లేవని గేటు ఏదో పంచాయతీ బోర్డు మీద రాయించండి. పై ప్రాజెక్టు లష్కర్ ఫోన్ నంబరు కింది లష్కర్ దగ్గర, అతని నంబరు ప్రతి ఊరి సర్పంచి దగ్గర ఉండాలి.