పదిమంది పిల్లల లెక్క

2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చిన పిమ్మట, చిత్తూరు మార్గమున సరిహద్దువద్ద పన్ను తనిఖీకై మన సరకుల బండ్లు రాత్రులు నిలిచిపోవు బాధ తొలగినది. పలమనేరు టమాటా, చిత్తూరు బెల్లము ఇటు వచ్చుచున్నవి. గుడియాత్తము లుంగీలు అటు పోవుచున్నవి. వర్తకులమగు మనము సంతసించితిమి, సంతసింపదగినదే. 1911 వఱకు ఉత్తరార్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము గదా! పిమ్మట జిల్లాలు వేఱయ్యెను, రాష్ట్రములు వేఱయ్యెను, 1960 ఏప్రిల్ 1వ తేదీన పటాస్కరు నిర్ణయము ననుసరించి సరిహద్దు మరల సవరింపబడి తిరుత్తణి ఇటు చేరెను. ఇన్ని గీతలు గీచినను సంత మాత్రము మరల ఒక్కటైనది.

సంత ఒక్కటైనంతనే జనులందఱు ఒక్కటగుదురని తలచువారు ఐరోపాను చూడవలెను. అచ్చటి రాజ్యములు తమ అంగళ్ల నడుమ గోడలను పడగొట్టుకొన్నవి. 2007 జనవరి 1వ తేదీన రుమేనియా, బల్గేరియాలు ఆ కూటమిలో చేరినవి. 2010 వేసవిలోనే ఫ్రాన్సు ప్రభుత్వము ఆ రెండు దేశములనుండి వచ్చిన రోమా జనుల గుడిసెలను తొలగించి వారిని వెనుకకు పంపివేసినది. ఆ రోమాలు శతాబ్దుల క్రిందట మన దేశమునుండియే వలసపోయినవారని వారి భాషయే చాటుచున్నది. ఐరోపా సమాఖ్యకు 24 అధికార భాషలు కలవు. వానిలో రోమాల భాషకు చోటు లేదు.

ఫ్రాన్సును నిందించుట సులభము. అణైకట్టులోను, వేలూరులోను, గుడియాత్తములోను మన మేమి చేయుచున్నామో చూతము.

మనము ప్రభుత్వమును కోరునది న్యాయమైనదే. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. అంతకు పూర్వమే, 1949లో, రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక కొలతను నిర్ణయించినది: తరగతిలో పదిమందియో, బడి మొత్తముమీద నలువదిమందియో ఆ భాష పిల్లలున్నచో ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. 2006లో తమిళము నిర్బంధముగా నేర్పు చట్టము వచ్చినది. పదవ తరగతి పరీక్షలో తమిళ పత్రమునుండి మినహాయింపునకై మనవారు న్యాయస్థానముల మెట్లెక్కిరి. 2023లో సుప్రీంకోర్టు ఒక సంవత్సరము పొడిగించినది. (తమిళము నేర్వవలదని నేననుట లేదు. తమిళము రానివాడు ఈ యూర అంగడి నడుపలేడు.)

ఈ పోరాటమంతటను మనము చూపు అంకె ఒకటి యున్నది. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. ఆ 42 లక్షలలో అరుంధతీయులు లేరా? వీధులూడ్చి, మురుగు తీసి, తోలుపని చేసి, తరతరములుగా ఇంట తెలుగే మాటలాడు కుటుంబములు వారిలో ఎన్నియో కలవు. వినతిపత్రములో వారిని లెక్కించుచున్నాము. ఉగాది సభలో వారికి కుర్చీ వేయుట లేదు. వినతిపత్రమునకు వలసిన తలలు విందునకు వలదా?

2009లో ఈ రాష్ట్రము అరుంధతీయులకు నూటికి మూడు ప్రత్యేక స్థానము లిచ్చు చట్టము చేసినది. అందు చేర్చిన ఏడు కులముల పేళ్లలో ఒకటి ఆది ఆంధ్ర. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన మహాసభ ఆ నామమును ప్రకటించినది. మనలో ఎవ్వరి కులపత్రమునందు ఆంధ్ర శబ్దము కలదు? వారి పత్రమున కలదు. ఇట్టి ఉపవర్గీకరణము చెల్లునని 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినపుడు మన సంఘములలో నొక్కటియైన అభినందన తీర్మానము చేసినట్లు నేను వినలేదు. ఒక సినిమా నటుడు తిరుపతి పోవుచు వేలూరులో ఆగినచో మాత్రము పూలదండలు సిద్ధము!

మనవారు చెప్పు ఆక్షేపణలు నేనెఱుగుదును. వారి తెలుగు శుద్ధమైనది కాదందురు. అయ్యా, మన తెలుగు శుద్ధమైనదా? చిత్తూరు దాటి కడపకు పోయినచో మన మాట విని అరవవా రందురు. ఇచ్చటివారు వడుగు లందురు. రెండు గుమ్మములవద్దను నిలువబడి లోనికి రానీయని బాధ యెట్టిదో ఎఱిగిన మనమే మూడవ గుమ్మమును మూయుచున్నాము. ఇక, వారు తమంతట తాము వచ్చి చేరుట లేదందురు. సభ్యత్వ పత్రమును వారి వీధికి కొనిపోయినవారెవరు? మన సంఘము భాషాసంఘము, కులముల గొడవ మనకేలయని కొందఱు. కల్యాణమండపము అద్దెకిచ్చునపుడు ఈ మాట ఎవ్వరికిని స్ఫురింపదేల?

ఒక్క లెక్క చెప్పెదను. మన పిల్లలందఱును ఇంగ్లీషు బళ్లలో చదువుచున్నారు. తెలుగు అక్షరమాలను ఇంటిలో నేర్పువారును అరుదు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు తరగతికి పదిమందిని చూపుమని విద్యాధికారి అడిగినచో మనలో ఎవరి పిల్లను పంపుదుము? ఆ పదిమంది ఉన్నచో అరుంధతీయుల వీధిలోనే యున్నారు. వారికి తెలుగు బడి కావలెనో వలదో మన మెన్నడైన అడిగితిమా? తమిళమే తమ బిడ్డల బ్రతుకునకు మేలని వారన్నచో అదియు వినవలసినదే. అడుగకయే వారి పేరు చెప్పుకొని వినతులు వ్రాయుట మాత్రము తప్పుడు చిట్టా.

2027 మార్చి 1వ తేదీని ఆధారముగా గైకొని జరుపనున్న జనగణనలో మాతృభాషను మరల అడుగుదురు. మన నాయకులు ఇంటింటికి పోయి తెలుగని చెప్పుడని ప్రచారము చేయ సిద్ధమగుచున్నారు. అరుంధతీయుల యిండ్లకు సైతము ఈ ప్రచారముతోనే మొదటిసారి పోవుదురా?

అందుచేత, రాబోవు సర్వసభ్య సమావేశమున నేను మూడు తీర్మానములు తెచ్చెదను. సభ్యత్వ రుసుమును ఒక దినపు కూలికి మించకుండ తగ్గించుట. కార్యవర్గమున అరుంధతీయ కుటుంబములకు రెండు స్థానములు, వారిలో నొకరు స్త్రీ. జనగణన ప్రచారమునకు ముందే వారి వీధులలో రెండు సమావేశములు జరిపి, వారి కేమి కావలెనో వ్రాసికొని వచ్చుట. వలదనువారు గోడచాటున గొణుగక, సభలో లేచి తమ పేరు చెప్పి కారణము చెప్పవలెను. ఆ కారణములను ఈ పత్రికలోనే అచ్చొత్తింపుడని సంపాదకులను కోరుచున్నాను.