బజారుసంచితో మొదలగు పథ్యము

పండుగనాడును చుట్టము వచ్చిననాడును మాత్రమే వరియన్నము వండుకొని, తక్కిన దినములన్నియు రాగిసంగటితోను అంబలితోను గడపిన చిత్తూరు సీమలో, నేడు ఆ సంగటియే హోటళ్ళ బోర్డులపై పెద్ద అక్షరములతో వెలయుచు, నాటుకోడి పులుసు సహితముగా, ఆరోగ్యము పేరిట అమ్ముడగుచున్నది. తిరుపతిలో బరువు తగ్గదలచిన గృహస్థుడు మొట్టమొదట చేయు పని అన్నము మాని ఆ సంగటికి మారుట. రెండు నెలలకును తూనికయంత్రపు ముల్లు కదలకున్నచో సంగటిని నిందించుట రెండవ పని. పాపము, ఇందులో సంగటి చేసిన అపరాధమేమియు లేదు.

నూరు గ్రాముల రాగులలో సుమారు 320 కాలరీల శక్తి యుండగా, అంతే తూకముగల బియ్యములో 350 కాలరీల చిల్లర యుండును. ఈ తేడా పులుసుమీద తేలెడు నూనెలో ఒక్క చెంచాకు చాలదు. రాగికిగల ఘనత వేరు. పీచు మెండు, కాల్షియము బియ్యముకంటె ఎన్నో రెట్లధికము, తిన్నవానికి త్వరగా ఆకలి కానీయదు. తిరుపతి చెంతనున్న పెరుమాళ్ళపల్లె పరిశోధనాక్షేత్రమునుండి ‘వకుళ’ వంటి మేలైన రాగి వంగడములు వెలువడిన సీమ యిది. కాని మడక దున్ని, కపిల తోలి, పొద్దు వాలువరకు చెమటోడ్చినవాడు ఎంత ముద్ద తినెడివాడో, అంతే ముద్దను కంప్యూటరు ముందు కుర్చీలో పగలెల్ల గడపువాని పళ్ళెములో ఉంచి, ఇది తాతలు తిన్నది గనుక మేలు చేయకపోదని నమ్ముట వట్టి భ్రాంతి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి సంగటికుండను వెనుకకు నెట్టినదని వగచు పెద్దలున్నారు. ఆ బియ్యము ఎందరి యాకలి తీర్చెనో యెరిగినవాడు ఆ పథకమును తప్పుపట్టలేడు. ధాన్యము మారుటకంటె మనకు కీడు చేసినది, పని తగ్గినను ముద్ద తగ్గకపోవుట.

ఇక పథ్యముల సంగతి. కొబ్బరినూనె త్రాగుమని ఒకరు, చిరుధాన్యములు తప్ప వేరేమియు ముట్టవద్దని వేరొకరు, ఉప్పును నూనెయు విషములని మరియొకరు టీవీలోను యూట్యూబులోను బోధించుచుండగా, మనవారు ఆర్నెల్లకొక గురువును మార్చుచున్నారు. ఆ బోధలలోని నిజానిజములు వైద్యులు తేల్చుకొందురు గాక. నాకు కనబడు లోపము చిన్నది, కాని ప్రతి పథ్యమునకును అడ్డుపడునది. ఆ పట్టికలు ఒంటరిమనిషికై వ్రాయబడినవి. మన పొయ్యిమీది వంట ఇంటిల్లిపాదికి. భర్త పథ్యము పట్టినచో తెల్లవారుజామున లేచి రెండవ వంట వండునది భార్య. భార్యయే పథ్యము పట్టినచో, పిల్లలకు పూరీలు కాల్చి, అత్తమామలకు మెత్తని అన్నము వండి, తనకు మాత్రము గ్లాసెడు మజ్జిగ చాలునని కూర్చుండి, తుదకు అందరును మిగిల్చినది పారవేయుటకు చేతులు రాక తానే తినును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేయందు ఆంధ్రప్రదేశ్‌లో అధికబరువుగలవారు పురుషులలో నూటికి 31 మందియు, స్త్రీలలో 36 మందియు తేలిరి. ఆ అయిదుగురి తేడాకు కారణములు పలు తెరగులుగా నుండవచ్చును గాని, వాటిలో ఈ మిగులుకూడొకటియని నా అనుమానము.

కనుక పథ్యమును పళ్ళెములో గాక బజారుసంచిలో మొదలిడవలెననుట నా వాదము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో, దినమునకు 2000 కాలరీలు వలయు వ్యక్తికి ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు అని నిర్ణయింపబడినది. దీనిని నలుగురున్న యింటికి వారపు లెక్కలోనికి మార్చి చూడుడు: ధాన్యము 7 కిలోలు, పప్పులు రెండు కిలోల నాలుగు వందల గ్రాములకు ఒక పిడికెడు తక్కువ, కూరగాయలు 11 కిలోలకు పైమాట. నూనె నెలకు మూడున్నర లీటర్లు. రైతుబజారునుండి వచ్చు మన సంచులలో ఎర్రగడ్డలను ఉర్లగడ్డలను ఏరివేసిన పిమ్మట ఎన్ని కిలోలు మిగులునో తూచి చూచుకొన్న యింట, కూరలు సగమును చేరక, బియ్యమును నూనెయు హద్దు మీరి కనబడుట అరుదుకాదు. వంటయింటిలో నిగ్రహము చూపుట కష్టము. అంగడిలో ఒక నూనెపొట్లము తగ్గించి కొనుట అంత కష్టముకాదు.

బరువు తగ్గవలెనన్న ఈ కొలతలలో ధాన్యమును నూనెను మాత్రము మరికొంత కుదించి, కూరలను పప్పును అట్లే యుంచవలెను. నూరు గ్రాముల బియ్యమునకు 350, రెండు చెంచాల నూనెకు 90, పొద్దుట సాయంత్రము కాఫీలలోని చక్కెరకు 60. ఈ మూటిని విడిచినచో దినమునకు 500 కాలరీలు తగ్గును, వారమునకు అరకిలోకు దగ్గరగా బరువు దిగును. అంతకుమించిన వేగమును కోరువారు తగ్గినదానిని నిలుపుకొనుట నేనంతగా చూడలేదు. మధుమేహమునకు ఇన్సులిన్‌గాని మాత్రలుగాని వాడువారు ధాన్యము తగ్గించుటకు ముందు వైద్యునితో చెప్పి తీరవలెను; మోతాదు మార్చనిచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. గర్భిణులకు ఈ ప్రయత్నమే తగదు.

వారమునకు ఏమేమి వండవలెనో ఆదివారమునాడే వ్రాసికొనుటయందు గొప్ప శాస్త్రమేమియు లేదు. ఆకలి వేసిన పిమ్మట నిర్ణయము చేయువాని బుద్ధి తిన్నగా బజ్జీల బండివైపు నడచును, అంతే. మొదట ఏడు రాత్రుల భోజనములు వ్రాసికొన్నను చాలును. ఇందుకు దేశాంతరపు సరుకు అక్కరలేదు. చలికాలమున అనపకాయలు వచ్చును. పితికిన పప్పుతో పులుసు చేసి, పిడికెడు సంగటితో తిన్నవానికి రాత్రి మరల ఆకలి కాదు. వానలు పడిన పిమ్మట గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు చేలగట్లమీద ఊరకే మొలచును. ఉలవగుగ్గిళ్ళు, అలసందలు, మునగాకు పప్పు, మజ్జిగ యున్నవి. చెనక్కాయల ఊరిబిండిని మానుమని చెప్పుటకు నాకు నోరు రాదు, చెప్పినను ఈ సీమలో వినువారుండరు. అయితే అది నంజుకొనవలసినది, కలుపుకొనవలసినది కాదు. సంగటికి చేయి ముంచుటకు ముందు కూరను గిన్నెలో నిండుగా పెట్టుకొనుట యొక్కటి అలవడిన, ముద్ద తనంతట తాను చిన్నదగును.

మన ప్రాంతపు శనివారములనుగూర్చి ఒక మాట. పెరటాసి నెలలో మాంసము మాని, వేంకటేశ్వరస్వామి పేరిట ఒక్కపొద్దుండు ఆచారము ఇచ్చట ఇంటింటను కలదు. పగలు అన్నము ముట్టనివారు సాయంకాలము ఫలహారమని ఉప్మా, వడ, నేతిదోసె వరుసగా ఆరగించుటయు కలదు. అలిపిరినుండి మూడున్నర వేల మెట్లెక్కి, దిగివచ్చునప్పుడు సుమారు 175 గ్రాముల లడ్డును దారిలోనే ముగించువారిని నేనేమియు అనను. ప్రసాదమును పదిమందికి పంచుట మన పెద్దల పద్ధతి, అది పథ్యమునకును అనుకూలమే. ఒక్కపొద్దునాటి ఫలహారమునుకూడ వారపు పట్టికలో ముందుగా వ్రాసికొన్నచో, ఉడికించిన అలసందలు, రెండు పండ్లు, గ్లాసెడు పాలతో వ్రతమునకు భంగము రాదు.

శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయమున గృహవిజ్ఞాన విభాగము కలదు. అచ్చటి విద్యార్థినులు ఓట్స్, బ్రొకోలీల పేర్లెత్తక, అనపకాయల కాలమునకొకటి, మామిడికాలమునకొకటి, వానకాలమునకొకటిగా నలుగురున్న యింటికి వారపు సరుకుల పట్టికలు వ్రాసి, తిరుపతి, చిత్తూరు రైతుబజారుల గోడలపై అంటించిన, కొనువారు సంచి చేతబట్టి నిలుచున్నచోటనే చదివికొందురు. ఆసుపత్రులలో పథ్యము చెప్పువారును రోగి నొక్కనినే కూర్చుండబెట్టి కాగితము చేతికిచ్చుటకు మారుగా, వండువారిని లోనికి పిలిచి, మీ యింట నెలకు నూనె ఎన్ని లీటర్లు కొందురని మొదట అడుగవలెను.