పాడటానికి పిలుస్తారు, పెత్తనం మాత్రం ఇవ్వరు

అమెరికాలో నాష్‌విల్ అని ఒక పట్నం. కంట్రీ మ్యూజిక్ అనే వాళ్ల పల్లెపాటకు అది రాజధాని. ఆ పాటల వ్యాపారమంతా కలిసి పెట్టుకున్న కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 2010లో ఏబీసీ టీవీలో ఒక క్రిస్మస్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. మొదటి ఏడేళ్లూ దాన్ని నడిపింది జెనిఫర్ నెటిల్స్. తర్వాత రీబా మెకంటైర్, ట్రిషా యర్‌వుడ్, థామస్ రెట్ దంపతులు, గాబీ బారెట్, కార్లీ పియర్స్, ఏమీ గ్రాంట్. 2024 దాకా లెక్క ఇది. అందరూ తెల్లోళ్లే.

నల్లోళ్లు లేరా? ఉన్నారు, పాడటానికి. 2022లో 'వార్ అండ్ ట్రీటీ' అనే నల్ల జంట పాడింది. వాళ్లను మేము తప్పుపట్టం. టీవీ ముందు కూర్చున్న నల్ల పిల్లకు ఆ రెండు ముఖాలు కనబడటం చిన్న సంగతేం కాదు. కానీ 'స్టేజీ ఎక్కనిచ్చాంగా, ఇంకేం కావాలి' అంటారే, మా పేచీ ఆ మాటతోనే.

అసలా పాట ఎవరిది? కంట్రీ పాటకు ప్రాణమైన బాంజో ఎక్కడిది? పశ్చిమ ఆఫ్రికా నుంచి సంకెళ్లేసి తెచ్చిన మనుషులు సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యం అది. తోలు ఎవరిదో, దరువు ఎవరిదో మనకొకరు చెప్పాలా! 1920ల్లో రికార్డు కంపెనీలు దిగి, నల్లోళ్ల పాటకు 'రేస్' రికార్డులనీ, తెల్లోళ్ల పల్లెపాటకు 'హిల్‌బిల్లీ' రికార్డులనీ పేర్లు పెట్టాయి. ఒకే టీకి హోటల్లో రెండు గ్లాసులు పెట్టినట్టు.

డిఫోర్డ్ బెయిలీ అని మౌతార్గాన్ వాయించే నల్లాయన నాష్‌విల్ రేడియోలో 'గ్రాండ్ ఓలె ఓప్రీ'కి తొలినాళ్ల తార. 1941లో ఆయన్ను తీసేశారు. ఆ తర్వాత బూట్ల పాలిష్ షాపు పెట్టుకుని బతికాడు. 1982లో పోయాడు. పోయిన 23 ఏళ్లకు, 2005లో, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కించారు. బతికినన్నాళ్లూ బూట్లు, చచ్చాక దండలు!

ఇది పాతకథ అనుకోకండి. 1988లో ట్రేసీ చాప్‌మన్ రాసి పాడిన పాటకు ఆ సంఘం 2023లో ఉత్తమ గీతం అవార్డిచ్చింది, అదీ ఒక తెల్లాయన మళ్లీ పాడి హిట్ చేశాకే. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్ల రచయిత్రి ఆమే. 2024లో బియాన్సే కంట్రీ ఆల్బం తెస్తే ఆ సంఘం ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. అదే ఆల్బం 2025లో గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బంగా గెలిచింది. అంటే లోటు పాటలో లేదు, ఓట్లేసే గదిలో ఉంది.

1946లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, మీ బతుకూ మా బతుకూ ఒకే తీరని. అందుకే మాకీ సంగతి పరాయిది కాదు.

చివరగా చార్లీ ప్రైడ్. మిసిసిపీలో కౌలురైతుల బిడ్డ. 1966లో ఆయన మొదటి రికార్డును రేడియోలకు పంపుతూ కంపెనీ ఫోటో పెట్టలేదు, రంగు తెలిస్తే వెయ్యరని. 1971లో ఈ సంఘమే ఆయనకు తన అన్నిటికన్నా పెద్ద అవార్డిచ్చింది. 1970లోనే ఆయన క్రిస్మస్ పాటల ఆల్బం వేశాడు. 2020 డిసెంబరు దాకా బతికే ఉన్నాడు. మరి 2010 నుంచి అన్ని క్రిస్మస్‌లు వచ్చిపోయాయి కదా, నడిపించే కుర్చీలో ఆయన ఒక్క ఏడన్నా ఎందుకు కూర్చోలేదు?