షూటింగులు మన ఊళ్లో, సినిమా పని మాత్రం పొరుగూళ్లోనా?



భీమిలి ఒడ్డున షూటింగు జరిగే రోజు ఎలా ఉంటుందో మన ఉత్తరాంధ్ర వాళ్లలో చాలామందిమి దగ్గరుండి చూశాం. తెల్లారకుండానే హైదరాబాదు బండ్లు వచ్చి ఆగుతాయి. జనరేటర్ వ్యాను, కెమెరా, లైట్లు, కేరవాన్లు, మేకప్ వాళ్లు, కాస్ట్యూమ్స్ వాళ్లు, ఆఖరికి టిఫిను వండి వడ్డించే ప్రొడక్షన్ వాళ్లు కూడా అక్కణ్ణించే దిగుతారు. మన దగ్గర తీసుకునేది ఏమిటి? కోఆర్డినేటర్ తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు, అద్దెకు రెండు మర పడవలు, ఒకరి డాబా, తాడు పట్టుకుని జనాన్ని ఆపడానికి నలుగురు కుర్రాళ్లు. ప్యాకప్ చెప్పాక ఆ జూనియర్లు చీకట్లో కోఆర్డినేటర్ చుట్టూ నిలబడి ఆ రోజు డబ్బులకోసం ఎదురుచూస్తారు. తీసిన సీన్లన్నీ హార్డ్‌డిస్కుల్లో రాత్రికి రాత్రే ఊరు దాటిపోతాయి. ఎడిటింగ్ అక్కడ, డబ్బింగ్ అక్కడ, రంగులు సరిదిద్దే డీఐ అక్కడ, రీరికార్డింగ్, మిక్సింగ్ అన్నీ అక్కడే.

కొన్ని నెలలకి అదే సినిమా మన థియేటర్లకి వస్తుంది. ట్రేడ్ లెక్కల్లో మన మూడు పాత జిల్లాలకి ఒక పేరుంది, ఉత్తరాంధ్ర ఏరియా. నైజాం, సీడెడ్ తర్వాత అందరూ అడిగే కలెక్షన్ మనదే. టికెట్టు కొనేటప్పుడు మనం పెద్ద ఏరియా. పని పంచేటప్పుడు మాత్రం మనం వట్టి లొకేషన్.

ఈ కరపత్రం అడుగుతున్నది ఒక్కటే. విశాఖ కేంద్రంగా, శ్రీకాకుళం, విజయనగరం, మన్యం కలుపుకుని, కథ పుట్టిన దగ్గర్నించి ఫస్ట్ కాపీ వచ్చేదాకా సినిమా పనంతా ఇక్కడే జరిగే ఏర్పాటు కావాలి. స్టార్ల కోసం ఫిలిం సిటీ అడగడం లేదు. కొండల మీద ఎకరాలు అసలే అడగడం లేదు. చిన్న సినిమా తీసేవాడు, దాంట్లో పనిచేసేవాడు ఊరు వదలకుండా బతికే వీలు అడుగుతున్నాం.

ఇది కొత్త కోరికేమీ కాదు. 1936లోనే రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ పెట్టారు. ఆ వెంటనే విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ వెలిసింది. 1938లో వచ్చిన భక్త జయదేవ ఆ సంస్థదే. తెలుగు టాకీ నడక నేర్చుకుంటున్న రోజుల్లోనే మన సముద్రం ఒడ్డున స్టూడియో ఉందంటే ఈనాటి కుర్రాళ్లు నమ్మరు. అది నిలవలేదు. కెమెరా పట్టేవాళ్లు, సౌండు తెలిసినవాళ్లు, లేబొరేటరీలు, పెట్టుబడి పెట్టేవాళ్లు అందరూ మద్రాసులో, కలకత్తాలో ఉంటే గోడలు కట్టిన స్టూడియో ఒక్కటీ ఏం చేయగలదు? ఈ సంగతి ఇవాళ్టికీ గుర్తుపెట్టుకోవాలి. భీమిలి దారిలో కొండమీద రామానాయుడు స్టూడియో వచ్చి పదిహేనేళ్లు దాటింది. షూటింగులు జరుగుతున్నాయి, సంతోషం. కానీ ఫ్లోరు ఉన్నంత మాత్రాన పరిశ్రమ వచ్చేసినట్టు కాదు.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు తెలుగు సినిమా అంటే మద్రాసే. తెలుగువాడి కథ, తెలుగువాడి డబ్బు, తెలుగువాడి టికెట్టు, పని మాత్రం కోడంబాకంలో. మన పెద్దలు దానికి ఒప్పుకోలేదు. హైదరాబాదులో సారథి స్టూడియో వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు గారు హైదరాబాదులోనే ఉండి పనిచేస్తానని పట్టుబట్టి 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ప్రభుత్వం స్థలాలిచ్చింది, రాష్ట్రంలో తీసిన సినిమాలకి రాయితీలిచ్చింది. 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చింది. ఇదంతా దానంతటదే జరగలేదు. ‘తెలుగు సినిమా తెలుగుగడ్డ మీద తయారవ్వాలి’ అని అడిగినవాళ్లుండబట్టి, వినిపించుకున్న ప్రభుత్వాలుండబట్టి జరిగింది. అప్పుడు మద్రాసును అడిగిన న్యాయమే ఇప్పుడు మనం అడుగుతున్నాం. హైదరాబాదు మీద మనకేం కోపం లేదు. అక్కడ 24 క్రాఫ్టుల్లో మన శ్రీకాకుళం వాళ్లు, విజయనగరం వాళ్లు ఎంతమంది చెమటోడుస్తున్నారో మనకి తెలుసు. వాళ్ల తమ్ముళ్లకైనా సొంత ఊళ్లో పని దొరకాలన్నదే మన బాధ.

మలయాళం వాళ్ల సంగతి చూడండి. వాళ్లూ మనలాగే కోడంబాకంలో ఉన్నవాళ్లే. కేరళ ప్రభుత్వం 1975లో చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెట్టింది. తిరువనంతపురం శివార్లలో చిత్రాంజలి స్టూడియో కట్టింది. కెమెరా దగ్గర్నించి రికార్డింగు దాకా చిన్న నిర్మాతకి ఒకే ప్యాకేజీగా తక్కువ ఖర్చులో అందించింది. సొంత రాష్ట్రంలో తీసిన సినిమాకి సబ్సిడీ ఇచ్చింది. కైరళి, శ్రీ లాంటి థియేటర్లు తానే నడిపింది. టెక్నీషియన్లు ఒక్కొక్కరే మద్రాసు నుంచి ఇంటిదారి పట్టారు. కొన్నాళ్లకి పరిశ్రమ బరువు తిరువనంతపురం నుంచి కొచ్చికి మారింది. అంటే, ఒక రాష్ట్రంలో ఒకే కేంద్రం ఉండాలన్న రూలు కూడా లేదన్నమాట. ఇవాళ మలయాళం సినిమా ఇడుక్కి కొండల కథనో, మలప్పురం ఫుట్‌బాల్ కథనో అక్కడి మనుషుల మాటతోనే చెబుతోంది. ఆ ఇడుక్కి కథ ఒకటి 2020లో మన అరకులో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’గా మళ్లీ పుట్టి ఎంత చక్కగా అమరిందో చూశాం. కొండ ఊరి కథలు మనకి కొదవా? వాటిని పూర్తిగా ఇక్కడే తయారుచేసుకునే సరంజామాయే లేదు.

తీసే సత్తా ఉందా అని ఇంకా ఎవరైనా అడిగితే 2018 సెప్టెంబరు గుర్తుచేయండి. ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. వెంకటేష్ మహా దర్శకుడు, అమెరికాలో స్థిరపడిన ప్రవీణ పరుచూరి నిర్మాత. నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేట మనుషులే, కెమెరా ముందు నిలబడడం అదే మొదటిసారి. వాళ్ల వీధి, వాళ్ల మాట, వాళ్ల నడక తెరకెక్కాయి. రాష్ట్రమంతా చూసి మెచ్చుకుంది. 2020లో ‘పలాస 1978’ మన శ్రీకాకుళం మాటని తెరమీద ధైర్యంగా పలికించింది. అటు తెలంగాణలో 2023లో ‘బలగం’ వస్తే ఊళ్లకు ఊళ్లు ఆరుబయట తెరలు కట్టుకుని కూర్చుని చూశాయి. సొంత మాటకి జనం మొహం చాటేస్తారన్న భయం ఇక వదిలేయొచ్చు.

అయితే కంచరపాలెం వచ్చి ఇన్నేళ్లయినా ఆ సినిమా వెనకాల పది సినిమాలు ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న మనమే వేసుకోవాలి. మన దగ్గర ఒక కుర్రాడు పెళ్లిళ్లకి వీడియోలు తీసిన కెమెరాతో, స్నేహితులు వేసిన చందాతో సినిమా మొదలుపెడతాడు. నటులు దొరుకుతారు. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ శాఖ ఉంది, ఊరూరా నాటక సమాజాలున్నాయి. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడిన విజయనగరం మనది. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ములు ఆ నాటకం ఆడి ఆడి సినిమాకెళ్లినవాళ్లు. కథలకీ లోటు లేదు. రావిశాస్త్రి, చాసో, కారా మాస్టారు రాసినవే ఎన్నో. శ్రీకాకుళంలో కారా మాస్టారు నిలబెట్టిన కథానిలయం ఉండనే ఉంది. పాట కావాలంటే జముకులకథ, తప్పెటగుళ్లు, థింసా మన ఊళ్లలో ఇంకా బతికే ఉన్నాయి.

చిక్కంతా షూటింగు అయ్యాకే. ఎడిటింగు ఇంట్లో కంప్యూటర్లో ఎలాగో చేసుకుంటాడు. డబ్బింగు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. సరైన సౌండు థియేటరు లేదు. జట్టునంతా హైదరాబాదు తీసుకెళ్లాలి, గంటల లెక్కన థియేటర్ అద్దె కట్టాలి, లాడ్జి ఖర్చు పెట్టాలి. తెప్పమీద వేటకెళ్లే ముసలాయన పాత్ర వేసిన మనిషి అసలు వేటగాడే అనుకోండి, ఆయన సముద్రం వదిలి పదిరోజులు రాగలడా? రాలేడు. దాంతో అక్కడి డబ్బింగ్ ఆర్టిస్టు ఆయన పాత్రకి గొంతిస్తాడు. మొహం జాలారిపేటది, మాట ఫిలింనగర్ది. ఆ ఒక్క సీనుతో సినిమాలో నిజం పోతుంది. మన యాస ఇన్నాళ్లూ పనివాడి పాత్రకి, తాగుబోతు పాత్రకి, నవ్వించడానికి మాత్రమే పనికొచ్చేట్టు తయారైందంటే ఒక కారణం ఇదీ. పలికించే గది మన చేతిలో లేదు.

కాబట్టి అన్నిటికంటే ముందు అడగవలసింది పెద్ద హంగుల భవనం కాదు. విశాఖలో ఒక పోస్ట్ ప్రొడక్షన్ కేంద్రం: రెండు డబ్బింగ్ గదులు, ఒక మంచి మిక్సింగ్ థియేటర్, డీఐ చేసుకునే గది, నాలుగు ఎడిటింగ్ సూట్లు, అద్దెకిచ్చే కెమెరాలు, లైట్లు, సౌండు సామాను. రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ దీన్ని యూనివర్సిటీతో కలిసి నడపాలి. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ భవనం ఒకటి చాలు. థియేటర్ ఆర్ట్స్ పక్కనే సౌండు, ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ కోర్సులు పెట్టి విద్యార్థుల చేత అక్కడే పని చేయించాలి. చదువు పూర్తయ్యేసరికి వాళ్ల చేతిలో పని ఉండాలి, హైదరాబాదు బస్సు టికెట్టు కాదు.

రాయితీల లెక్క కూడా మారాలి. 2022 మార్చిలో వచ్చిన జీవో, భారీ బడ్జెట్ సినిమా టికెట్ ధర పెంచుకోవాలంటే షూటింగులో 20 శాతం ఆంధ్రప్రదేశ్‌లో చేయాలని షరతు పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఇరవై శాతం షూటింగు చేసి యూనిట్ మొత్తాన్నీ బయటినుంచే తెచ్చుకుంటే మనకి ఒరిగేది ఆ డాబా అద్దె, ఆ పడవ అద్దె. లెక్క రోజుల్లో కాకుండా మనుషుల్లో ఉండాలి. ఎంతమంది స్థానిక టెక్నీషియన్లు పనిచేశారు, ఎంత కూలి ఇక్కడ చెల్లించారు, పోస్ట్ ప్రొడక్షన్ ఎంత ఇక్కడ చేశారు అన్నదాన్నిబట్టి రాయితీ ఇవ్వండి. ఒక స్టారు సినిమాకిచ్చే పెంపుకన్నా రెండు కోట్లలోపు తీసే సినిమాకి నేరుగా సబ్సిడీ ఇస్తే ఇక్కడ పది కుటుంబాలు నిలబడతాయి.

పనివాళ్ల సంగతి. సంఘం కార్డు లేదంటే సెట్లోకి రానివ్వరు, కార్డు చేయించుకునే స్తోమత మన కుర్రాళ్లకి ఉండదు. ఉత్తరాంధ్రలో షూటింగు జరిగితే స్థానిక పనివాళ్లని ఒక నిష్పత్తిలో తీసుకోవాలని, వాళ్లకీ కాల్షీటు ప్రకారం అదే రేటు ఇవ్వాలని హైదరాబాదు సంఘాలతోనే కూర్చుని ఒప్పందం చేసుకుందాం. అక్కడి అన్నలు కూలికోసం సమ్మెలు చేసినవాళ్లే, మన కష్టం వాళ్లకి అర్థమవుతుంది. జూనియర్ ఆర్టిస్టుల డబ్బు కోఆర్డినేటర్ చేతిమీదుగా కాకుండా ఏ రోజుకారోజు వాళ్ల ఖాతాలోనే పడాలి.

అనుమతుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కార్పొరేషను, పోలీసు, అటవీ శాఖ, పోర్టు, పర్యాటక శాఖ అంటూ చిన్న నిర్మాత తిరిగి తిరిగి అలిసిపోతున్నాడు. ఒకే చోట దరఖాస్తు, వారంలో జవాబు, బడ్జెట్‌నిబట్టి ఫీజు. అంతే.

ఇక తీసిన సినిమా ఆడే చోటు. పండగ సినిమా వస్తే ఊళ్లో ఉన్న తెరలన్నీ దానికే. స్థానికంగా తీసిన సినిమాకి మల్టీప్లెక్సుల్లో రోజుకి ఒక ఆట, రెండు వారాలు, సాయంకాలం పూట ఇవ్వాలి. పొద్దున్నే ఎనిమిదింటి ఆట ఇచ్చి ఇచ్చామనిపించుకుంటే ఒప్పుకోం. పార్వతీపురం, పాడేరు, టెక్కలి లాంటి చోట్ల ప్రభుత్వ హాళ్లలో ప్రొజెక్టరు పెట్టి కేరళలోలాగ ప్రభుత్వమే ప్రదర్శనలు నడపొచ్చు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఏ ప్రభుత్వం వచ్చినా సినిమా అనగానే ముందు భూముల మాటే ఎత్తుతుంది. సముద్రం కనబడే కొండ, తీరం వెంబడి ఎకరాలు, చుట్టూ విల్లాలు. వద్దు. వేల ఏళ్లలో తయారైన ఎర్రమట్టి దిబ్బలు మన కళ్లముందే కరిగిపోతున్నాయి, రుషికొండ ఏమైందో చూశాం. సినిమా పేరు చెప్పి ఇంకో కొండ తవ్వితే మనమే అడ్డు నిలబడాలి. కొండ పోయాక ఏ కెమెరా వస్తుంది ఇక్కడికి?

‘అంత డిమాండ్ ఉందా, కట్టి ఖాళీగా పెట్టుకోవడమేనా?’ అని కొందరు పెద్దమనుషులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మొదటి రెండేళ్లు సినిమాలతోనే గదులు నిండకపోవచ్చు. కానీ వెబ్ సిరీస్‌లు, యూట్యూబ్ సినిమాలు, జానపద పాటల ఆల్బమ్‌లు, ప్రకటనలు ఇవాళ విశాఖలో కుప్పలుగా తయారవుతున్నాయి. వాళ్లందరికీ మంచి సౌండు గది కావాలి. పక్క ఒడిశాలో కోరాపుట్ వైపు తీసేవాళ్లకి కూడా భువనేశ్వర్ కంటే విశాఖే దగ్గర. చిత్రాంజలి కట్టినప్పుడు మాత్రం బయట నిర్మాతలు వరస కట్టి నిలబడ్డారా?

విజయనగరం సంగీత కళాశాలలో పాఠం నేర్చుకున్న ఘంటసాల, సుశీల పాట పాడడానికి మద్రాసు రైలెక్కక తప్పలేదు. శ్రీశ్రీ, ఆరుద్ర విశాఖ విడిచి వెళ్లారు. వాళ్ల కాలంలో వేరే దారి లేదు. ఇవాళ కెమెరా జేబులో పడుతోంది, ఎడిటింగ్ బల్లమీద అవుతోంది. వెళ్లక తప్పని పరిస్థితి మనం చేతులారా కొనసాగిస్తున్నదే.

అందుకే మీరు చేయవలసింది ఇది. మీ ఎమ్మెల్యేకి, ఎంపీకి, రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థకి ఉత్తరం రాయండి. అందులో మూడు సంగతులే అడగండి: విశాఖలో పోస్ట్ ప్రొడక్షన్ కేంద్రం, స్థానిక పనివాళ్ల లెక్కన రాయితీ, స్థానిక సినిమాకి సాయంకాలం ఆట. మీ ఊళ్లో షూటింగుకి వెళ్లిన జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, డ్రైవర్లు, మేకప్ వాళ్లు, నాటకాల వాళ్లు ఎవరున్నారో పేర్లు రాసి ఒక జాబితా తయారుచేయండి. ‘ఇక్కడ మనుషులు లేరు’ అనే మాటకి ఆ జాబితాయే మన జవాబు. మీ కాలేజీలో, మీ రంగస్థలంలో, మీ పేట సంఘంలో ఈ కరపత్రం చదివి వినిపించండి. వచ్చే బడ్జెట్ సమావేశాలకి ముందే ఆ ఉత్తరాలు వెళ్లాలి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర సినిమా పనివాళ్లు, నాటక కళాకారులు, ప్రేక్షకులు