బ్యాట్ కింద నంబర్లు

మా సోమందేపల్లెలో చెరువు ఎండితే సంతోషపడేది క్రికెట్ ఆడే పిల్లోళ్ళు మాత్రమే. తప్పే గానీ, అంత చదునైన గ్రౌండ్ ఇంకెక్కడా దొరకదు మరి.

చిన్నప్పుడు అక్కడ బ్యాటింగ్ ఆర్డర్ ఎట్లా తేల్చేవాళ్ళమో మీకూ తెలిసే ఉంటుంది. ఒకడు మట్టిలో గీతలు గీసి, కొసన నంబర్లు రాసి, వాటిపై బ్యాట్ పెడతాడు. తలా ఒక గీత ఎంచుకోవాలి. నంబర్లు ఎక్కడున్నాయో గీసినోడికి తెలుసు కాబట్టి వాడికి చివరి గీత.

టోర్నమెంట్లకు పోయే వయసొచ్చాక ఈ పద్ధతి పోయింది. బ్యాట్ ఎవరిదో వాళ్ళే ఓపెనర్. నేను ఏడో నంబర్. ఎనిమిది ఓవర్ల మ్యాచ్‌లో నా దాకా వచ్చేసరికి రెండో మూడో బంతులు మిగులుతాయి. గాల్లోకి లేపి అవుటవుతా. "నీ స్కోర్లు చూసుకోరా, అన్నీ రెండూ నాలుగే" అంటారు. మళ్ళీ ఏడే! ఆ స్కోర్లలో నా ఆట ఎంత, నా నంబర్ ఎంత?

ఈ మాటంటే అందరూ లక్ష్మణ్‌ని తెస్తారు. 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. ఆరో నంబర్‌లో 59, ఫాలో ఆన్‌లో మూడో నంబర్‌కి పంపితే 281. ఇది రుజువంటే నేను ఒప్పుకోను. శాంపిల్ సైజ్ ఒకటి! పైగా మూడు నుంచి ఆరుకి దిగిన ద్రావిడ్ అదే ఇన్నింగ్స్‌లో 180 కొట్టాడు కదా.

సగటునీ గుడ్డిగా నమ్మలేం. లక్ష్మణ్ టెస్టుల్లో 225 ఇన్నింగ్స్ ఆడి 8781 పరుగులు చేశాడు, సగటు 45.97. అందులో 34 సార్లు నాటౌట్. మొత్తం ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేది 39. టెస్టుల్లో కింద ఆడేవాడు నాటౌట్‌గా మిగిలితే సగటు పెరుగుతుంది. మా చెరువులో బంతులు చాలక తగ్గుతుంది.

అసలు చిక్కు వేరే. బాగా ఆడేవాణ్ణే పైకి పంపుతారు కాబట్టి, ఎక్కువ పరుగులు మనిషి వల్ల వచ్చాయా, నంబర్ వల్లా అన్నది పాత స్కోర్‌బుక్కులోంచి తేలడం కష్టం. నంబర్లు లాటరీ వేసి, చానా మ్యాచ్‌లు ఆడి చూడాలి. క్లాసులో రాండమైజేషన్ చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది బ్యాట్ కింద గీతలే.

అందుకే సెలవుల్లో మా టీమ్‌కి చెప్పా: ప్రాక్టీస్ మ్యాచ్‌లకైనా నంబర్లు వేద్దాం, పరుగుల పక్కన ఎవరెన్ని బంతులు ఆడారో కూడా రాద్దాం. "గెలవాల్నా, లెక్కలేసుకోవాల్నా?" అన్నాడు బ్యాట్ ఉన్న అన్న. ఫైనల్‌కి లాటరీ వేయమని నేనూ అనను. చివరికి ప్రాక్టీస్ వరకు ఒప్పుకున్నాడు, గీతలు మాత్రం తనే గీస్తాడంట.

చివరి గీత నీదే అన్నా, అని గుర్తు చేశా.