లక్ష చెట్లు, ఒకే వంశం

కె.జి.ఎఫ్. నుంచి కోలారు దారిలో నీలగిరి తోపులు చూడనివారుండరు. ఆంధ్రాలో దీన్నే జామాయిల్ అంటారు. ఈ చెట్టు నీళ్లు తాగేస్తుందన్న తగాదా పాతదే, ఈసారి దాని జోలికి పోను. లెక్కలవాణ్ణి కనుక వేరే లెక్క అడుగుతాను: లక్ష చెట్ల తోపులో నిజానికి వంశాలెన్ని?

టిప్పు సుల్తాను కాలంలో, 1790 ప్రాంతంలో, ఆస్ట్రేలియా విత్తనాలు తెప్పించి నందికొండ మీద నాటించారంటారు. (2007 వరకు నంది మా కోలారు జిల్లాదే.) అక్కడి కొద్ది చెట్ల సంతానమే ‘మైసూరు గమ్’ పేరుతో 1950ల తర్వాత ఊరూరా పాకింది. అంటే మేనరికం మీద మేనరికం!

కంటికి కనపడని ఈ చుట్టరికాన్ని ఆకు ముక్కలోని డి.ఎన్.ఏ. చెబుతుంది. అందులో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక చెట్టులో పన్నెండుసార్లు వస్తే ఇంకోదానిలో పదిహేనుసార్లు. వీటిని మైక్రోశాటిలైట్లంటారు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఆ ముక్కను యంత్రంలో కోట్ల ప్రతులుగా పెంచి పొడవు కొలుస్తారు. రెండు ప్రతులూ వేర్వేరుగా ఉన్న చెట్లు ఎక్కువుంటే వైవిధ్యం ఉన్నట్టు. ఎక్కడ చూసినా ఒకటే పొడవైతే దగ్గరి చుట్టాలన్నమాట.

డి.ఎన్.ఏ. పరీక్షలు రాకముందు ఎంజైములతోనే ఈ పని చేసేవారు. కాలిఫోర్నియాలో టోరీ పైన్ అనే అరుదైన చెట్టు రెండేచోట్ల పెరుగుతుంది. 1983లో లెడిగ్, కాంకల్ అనే శాస్త్రవేత్తలు 59 జన్యుస్థానాలు పరీక్షిస్తే, ఏచోటికాచోట చెట్లన్నీ అచ్చు ఒకటే. రెండు చోట్లకూ తేడా రెండు స్థానాల్లోనే!

అలా ఉంటే నష్టమేమిటి? వెయ్యిమందికి అప్పిచ్చి అందరికీ ఒక్కడినే జామీను పెట్టుకుంటే ఏమవుతుందో మా బ్యాంకువాళ్లనడగండి. 2001 తర్వాత ఆకు ఈనెల మీద బుడిపెలు పుట్టించే ఒక చిన్న పురుగు దక్షిణాది నీలగిరిని పట్టింది. కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, కొన్ని కుదేలయ్యాయి. కొమ్మ నాటి పెంచే క్లోన్‌కు తల్లిచెట్టుతో తేడా సున్నా. శ్రీనివాసపురం అంటుమామిడీ అంతే. దిగుబడి బాగుంటుంది, కాదనను. కానీ నర్సరీకి వెళ్లిన రైతు మొక్క ధరతోపాటు ఎన్ని రకాల క్లోన్లు కలిపి ఇస్తున్నారో కూడా అడగాలి.

నీలగిరిని కొత్తగా నాటరాదని 2017లో కర్ణాటక ప్రభుత్వం నిషేధం పెట్టింది. నరికిన పాత మోళ్లు మాత్రం చిగురిస్తూనే ఉంటాయి. ఆ చిగురూ పాత చెట్టే, కొత్తది కాదు.